ఓపీ చీటీలో లేని గడి

హైదరాబాద్‌లో ఏ పెద్ద సర్కారు దవాఖానాకు పోయినా ముందు చేతికొచ్చేది ఓపీ చీటీ. పేరు, వయసు, ఆడా మగా, ఊరు, ఏ విభాగం. ఆ కింద డాక్టరు రాత. షుగర్ రోగి అయితే పరగడుపు పరీక్ష, తిన్నాక పరీక్ష అని రెండు పొడి అక్షరాలు, వాటి కింద గోలీల పేర్లు. అమెరికాలో ఇదే జబ్బుతో డాక్టరు దగ్గరికి వెళ్లిన మనిషి నింపే ఫారంలో ఇంకో గడి ఉంటుంది. మీరు ఏ జాతివారు? తెల్లవారా, నల్లజాతివారా, హిస్పానిక్కా, ఆసియనా, అక్కడి ఆదివాసీలా? కొత్తగా వెళ్లిన మనవాళ్లకు ఆ ప్రశ్న ఇబ్బందిగానే ఉంటుంది. షుగర్ పరీక్షకు జాతితో ఏం పని అనిపిస్తుంది.

ఆ గడి ఉండబట్టే అక్కడ కొన్ని నిజాలు దాచడం కుదరలేదు. అమెరికా ప్రజారోగ్య సంస్థ సీడీసీ 2019–2021 లెక్కల్లో, షుగర్ ఉందని డాక్టర్లు తేల్చిన పెద్దవాళ్లు తెల్లవారిలో 6.9 శాతం. ఆసియన్లలో 9.1, హిస్పానిక్‌లలో 11.7, నల్లజాతివారిలో 12.1, అక్కడి ఆదివాసీల్లో 13.6. ఇది జబ్బు ఎవరికి ఎంత ఉందనే లెక్క. వైద్యం ఎవరికి ఎలా అందుతోందన్నది వేరే లెక్క, ఎక్కువ బాధ కలిగించేది కూడా అదే. ఇన్సూరెన్స్, ఆదాయం ఒకేలా ఉన్నా మైనారిటీలకు అందే వైద్యం నాసిగా ఉంటోందని అక్కడి ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ మెడిసిన్ 2002లోనే తేల్చిచెప్పింది. గుండెకు, కిడ్నీలకు కూడా మేలు చేసే ఎస్‌జీఎల్‌టీ2 రకం షుగర్ గోలీలు నల్లజాతివారికి, ఆసియన్లకు, ఆడవాళ్లకు తక్కువగా రాస్తున్నారని 2021లో ఒక అధ్యయనం చూపించింది.

జాతి గడితో చెడు జరగలేదా అంటే, జరిగింది. కిడ్నీ పనితీరు లెక్కగట్టే సూత్రంలో చాలా ఏళ్లపాటు నల్లజాతివారికి వేరే గుణకం వేశారు. 2009 నాటి సూత్రంలో దాని విలువ 1.159. అంటే రక్తంలో క్రియాటినిన్ (కిడ్నీలు బయటికి పంపాల్సిన వ్యర్థం) ఒకేలా ఉన్నా నల్లజాతి మనిషి కిడ్నీలు 16 శాతం మెరుగ్గా ఉన్నట్టు కాగితం మీద కనిపించేది. కాగితం బాగుంటే కిడ్నీ డాక్టరు దగ్గరికి పంపడం ఆలస్యమవుతుంది, మార్పిడి వరుసలో పేరెక్కడమూ ఆలస్యమవుతుంది. 2021లో ఆ గుణకాన్ని తీసేశారు. జాతిని రిజిస్టర్లో రాసుకుంటే తేడా బయటపడింది. అదే జాతిని లెక్క సూత్రంలోకి ఎక్కిస్తే కొత్త తేడా పుట్టింది.

హైదరాబాద్‌లో అసలు ఆ గడే లేదు. ఇక్కడి గీతలు చర్మం రంగు మీద గీసినవి కావు. కులం, మతం, భాష, ఆడా మగా, ఉండే బస్తీ, చేసే పని వేళలు, ఇవీ మన గీతలు. ఓపీ చీటీలో ఆడా మగా అన్నది తప్ప వీటి గురించి ఎవరూ అడగరు కాబట్టి లెక్క ఉండదు. లెక్క లేదు కాబట్టి తేడా లేదనుకోవడం అలవాటైపోయింది. 2024 చివర్లో తెలంగాణ ప్రభుత్వం ఇంటింటికీ తిరిగి కుల సర్వే చేసింది. ఏ కులం వాళ్లు ఎంతమందో ఇప్పుడు కాగితం మీద ఉంది. ఏ కులం వాళ్ల షుగర్ అదుపులో ఉందో చెప్పే కాగితం మాత్రం ఏ దవాఖానాలోనూ తయారు కాదు.

గడి ఉంటే చాలదు, అది సరైన గడి కూడా కావాలి. అమెరికాలో "ఆసియన్" అనే ఒక్క మాట కింద చైనీయులు, కొరియన్లు, ఫిలిపినోలు, మనవాళ్లు అందరూ పడిపోతారు. 2011–2016 మధ్య సర్వేలను విడదీసి చూస్తే, తెలిసిన షుగరూ తెలియని షుగరూ కలిపి దక్షిణాసియా వారిలో 23.3 శాతం, తూర్పు ఆసియా వారిలో 14 శాతం, తెల్లవారిలో 12.1 శాతం ఉన్నట్టు తేలింది. డాలస్‌లోనో న్యూజెర్సీలోనో ఉండే తెలుగు సాఫ్ట్‌వేర్ ఉద్యోగి చాలాకాలం "ఆసియన్లు సన్నగా ఉంటారు, వాళ్లకు ఫర్వాలేదు" అనే సగటు వెనక దాక్కుండిపోయాడు. 2011–12 సర్వేలోనైతే షుగర్ ఉన్న ఆసియన్లలో సగం మందికి తమకు షుగర్ ఉన్న సంగతే తెలియదు. 2015లో గానీ అమెరికన్ డయాబెటిస్ అసోసియేషన్ ఆసియన్లకు పరీక్ష మొదలుపెట్టాల్సిన బీఎంఐని (ఎత్తుతో పోల్చి బరువును కొలిచే సంఖ్య) 25 నుంచి 23కి దించలేదు.

ఆ 23 వెనక ఒక సరదా కథ ఉంది. 2004లో లాన్సెట్ అనే వైద్య పత్రికలో ఇద్దరు డాక్టర్ల ఫోటో పక్కపక్కన వేశారు. ఒకరు లండన్‌కు చెందిన జాన్ యడ్కిన్, రెండోవారు పుణెకు చెందిన చిత్తరంజన్ యాజ్ఞిక్. ఇద్దరి బీఎంఐ ఒకటే, 22.3. చూడ్డానికి ఇద్దరూ సన్నగానే ఉన్నారు. ఒంట్లో కొవ్వు మాత్రం యడ్కిన్‌కు 9.1 శాతం, యాజ్ఞిక్‌కు 21.2 శాతం. "మా ఆయన బక్కగానే ఉంటాడు, షుగర్ ఎలా వచ్చిందో" అని మన ఇళ్లలో వినపడే మాటకు ఇంతకంటే మంచి జవాబు లేదు. చేతులూ కాళ్లూ సన్నం, కొవ్వంతా పొట్ట చుట్టూ.

దీన్ని పట్టుకుని "మన జీన్స్ అంతే, మనమేం చేస్తాం" అని చేతులు దులుపుకునే వాళ్లు చాలామంది. సరిగ్గా ఈ మాటకే హైదరాబాద్ పక్క ఊళ్లలోంచి ఒక సమాధానం వచ్చింది. 1987–1990 మధ్య నగరానికి దగ్గర్లోని 29 ఊళ్లలో జాతీయ పోషకాహార సంస్థ ఆధ్వర్యంలో ఒక పరీక్ష జరిగింది. తార్నాకలో ఉన్న ఎన్ఐఎన్ అదే. కొన్ని ఊళ్లలో గర్భిణులకు, చిన్నపిల్లలకు అంగన్‌వాడీ తరహా అదనపు ఆహారం ఇచ్చారు, మిగతా ఊళ్లకు ఆ కార్యక్రమం అప్పటికి రాలేదు. ఆ పిల్లలు పదిహేను, పదహారేళ్ల వయసుకు వచ్చాక మళ్లీ వెతికి పట్టుకుని పరీక్షించి, 2008లో ఫలితాలు ప్రచురించారు. ఆహారం అందిన ఊళ్ల పిల్లలు సగటున 14 మిల్లీమీటర్లు పొడుగు ఎదిగారు. ఇన్సులిన్ ఒంటికి పట్టకపోవడాన్ని కొలిచే సూచీ వాళ్లలో 20 శాతం తక్కువగా ఉంది. ఒకే ప్రాంతం, ఒకే రకం జనం. తేడా తల్లి కడుపులో ఉన్నప్పుడు, ఆ తర్వాత రెండు మూడేళ్లూ తిన్న తిండిలో ఉంది. షుగర్‌లో వంశం పాత్ర కచ్చితంగా ఉంది గానీ, ఆ వంశంలో అమ్మమ్మ తిన్న గంజి కూడా ఒక భాగమే.

షుగర్ అంటే డబ్బున్నవాళ్ల జబ్బు అనే మాట ఇంకా చెలామణిలో ఉంది. 2023లో వచ్చిన, భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) వారి ఇండియాబ్ అధ్యయనం ప్రకారం దేశంలో షుగర్ ఉన్నవాళ్లు 10 కోట్ల 10 లక్షలు, ఇంకో 13 కోట్ల 60 లక్షల మంది దాని అంచున ఉన్నారు. పట్నాల్లో 16.4 శాతం, పల్లెల్లో 8.9 శాతం. అదే అధ్యయనం 2017లో 15 రాష్ట్రాల లెక్కలు విప్పినప్పుడు ఒక తిరగబడ్డ సంగతి బయటపడింది. ఆర్థికంగా ముందున్న రాష్ట్రాల్లోని పట్టణాల్లో, డబ్బున్నవాళ్ల కంటే లేనివాళ్లలోనే షుగర్ ఎక్కువ కనిపించింది. అడుగులు లెక్కపెట్టే వాచీ, జిమ్, చిరుధాన్యాల అటుకులు ఒకవైపు చేరితే, జబ్బు మెల్లగా రెండోవైపు సర్దుకుంటోంది. అదుపు సంగతి చూస్తే ఇంకా అన్యాయం. అదే బృందం 2022లో చెప్పిన లెక్క ప్రకారం షుగర్ రోగుల్లో షుగర్, బీపీ, కొలెస్టరాల్ మూడూ అదుపులో ఉన్నవాళ్లు 7.7 శాతమే. ఆ కొద్దిమందిలో చోటు ఎక్కువగా దొరికింది చదువుకున్నవాళ్లకు, మగవాళ్లకు.

ఇక తిండి. ఓపీలో అందరికీ ఒకటే మాట: "అన్నం తగ్గించండి." ఎవరికి చెబుతున్నామనేది ఆ మాటలో ఉండదు. జీహెచ్ఎంసీ 2014లో మొదలుపెట్టిన 5 రూపాయల భోజనాన్ని చూడండి. అడ్డా కూలీలు, ఆటోడ్రైవర్లు, దవాఖానా బయట కాసుకుని ఉన్న రోగుల బంధువులు, కోచింగ్ పిల్లలు, ఎంతమంది ఆకలి తీర్చిందో చెప్పనక్కర్లేదు. ఆ ప్లేటులో అన్నం 400 గ్రాములు, పప్పో సాంబారో 120 గ్రాములు, కూర 100 గ్రాములు, కాస్త పచ్చడి. 400 గ్రాముల అన్నంలో పిండిపదార్థమే దాదాపు 110 గ్రాములు. పొద్దంతా సిమెంటు మోసే మనిషికి అది కావాల్సిన తిండే. అదే మనిషికి 45 ఏళ్లకు షుగర్ వస్తే మధ్యాహ్నానికి 5 రూపాయల్లో ఇంకో ప్లేటు లేదు. అన్నం సగం తీసి కూర రెట్టింపు చేసే వీలు కౌంటర్లో ఉండదు. రేషన్ షాపులో మనిషికి 6 కిలోల బియ్యం ఉచితం. జొన్నలు కొనుక్కోవాలి. తెలంగాణ పల్లెల్లో రెండు తరాల కింద జొన్న రొట్టె, జొన్న గటక లేనివాళ్ల తిండి, తెల్లన్నం పండగ తిండి. ఇప్పుడు తెల్లన్నం ఉచితంగా వస్తుంటే, జొన్న రొట్టె రోడ్డు పక్క బండి మీద రేటు చెప్పి అమ్ముతున్నారు. డైట్ చార్టు రాసేవాళ్లు ఈ తిరకాసును లెక్కలోకి తీసుకున్నట్టు కనిపించదు. పైగా ఆ చార్టులు చాలాచోట్ల ఇంగ్లీషులో ఉంటాయి, వాటిలో ఓట్స్, ఆలివ్ నూనె తప్పకుండా ఉంటాయి.

ఆడవాళ్ల సంగతి ఇక్కడే చెప్పాలి. ఇంట్లో ఆఖర్న తినేది ఆమె, మిగిలిన అన్నం పారేయలేక తినేదీ ఆమే. భర్త గోలీల టైమ్ గుర్తుపెట్టుకునేది కూడా ఆమే. తన పరీక్ష మాత్రం వచ్చే నెలకు, పండగ అయ్యాక, అమ్మాయి పరీక్షలు అయ్యాక.

పరీక్షలోనూ ఒక మెలిక ఉంది, దాని గురించి మాట్లాడేవాళ్లు తక్కువ. మూడు నెలల సగటు చెప్పే హెచ్‌బీఏ1సీ ఇప్పుడు షుగర్‌కు తిరుగులేని కొలత అయిపోయింది. అది కొలిచేది ఎర్ర రక్తకణాల్లోని హిమోగ్లోబిన్‌కు అంటుకున్న చక్కెరను. రక్తకణం మామూలుగా మూడు నాలుగు నెలలు బతుకుతుందన్న నమ్మకం మీద ఈ లెక్కంతా నిలబడింది. రక్తకణాల ఆయుష్షు మారితే కొలతా మారుతుంది. ఇనుము తక్కువై రక్తహీనత ఉంటే ఏ1సీ ఉన్నదానికంటే ఎక్కువ చూపించవచ్చు. 2019–21 నాటి జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో 15–49 ఏళ్ల ఆడవాళ్లలో సగానికి పైగా రక్తహీనత ఉన్నవాళ్లే.

సికిల్ సెల్ అంటే ఎర్ర రక్తకణాలు కొడవలి ఆకారంలోకి వంగిపోయే వంశపారంపర్య జబ్బు. దాని లక్షణం ఉన్నవాళ్లలో, అంటే అమ్మానాన్నల్లో ఒకరి నుంచే ఆ జన్యువు వచ్చినవాళ్లలో, కొలత దీనికి అడ్డం తిరుగుతుంది. 2017లో అమెరికాలోని నల్లజాతి వారి మీద చేసిన అధ్యయనంలో, రక్తంలో చక్కెర ఒకేలా ఉన్నా సికిల్ లక్షణం ఉన్నవాళ్లకు ఏ1సీ దాదాపు 0.3 పాయింట్లు తక్కువ చూపించింది. 6.5 దగ్గర షుగర్ ఉందా లేదా అని గీత గీసే చోట 0.3 చిన్న సంఖ్యేమీ కాదు. ఇది ఎక్కడో అట్లాంటా గొడవ అనుకోవద్దు. గోండు, కోయ లాంటి ఆదివాసీ సమూహాల్లో సికిల్ సెల్ ఉంది. 2023 జూలైలో కేంద్రం దీని కోసమే జాతీయ మిషన్ మొదలుపెట్టింది. ఆసిఫాబాద్ నుంచో భద్రాచలం నుంచో నిమ్స్‌కు, గాంధీకి వచ్చే రోగి చీటీ మీద ఊరి పేరు ఉంటుంది. ఆ ఊరి పేరు చూసి "ఈ మనిషికి ఏ1సీ ఒక్కటే నమ్మొచ్చా, పరగడుపున, తిన్నాక కూడా చూడాలా" అని ఆగే డాక్టరు దొరకడం రోగి అదృష్టం మీద ఆధారపడింది. జాతి గడి మనిషికి మేలు చేసే చోటు అంటూ ఉంటే అది ఇక్కడ.

నగరంలో మంచి పనులు జరగలేదని అనలేం. 2018లో మొదలైన బస్తీ దవాఖానాలు షుగర్ గోలీల కోసం పెద్దాసుపత్రి దాకా పోయే బాధ చాలామందికి తప్పించాయి. రక్తం అక్కడే తీసుకుని నారాయణగూడ లాంటి కేంద్ర ల్యాబులకు పంపి ఉచితంగా పరీక్ష చేసే ఏర్పాటు కూడా అదే ఏడాది వచ్చింది. ముప్ఫై దాటిన ప్రతివాళ్లకూ బీపీ, షుగర్ చూడాలని ఆశా వర్కర్లు ఫారాలు పట్టుకుని ఇళ్ల చుట్టూ తిరుగుతున్నారు. చిక్కల్లా వేళలతో. దవాఖానా తెరిచి ఉండేది పగటిపూట. అడ్డా మీద కూలి దొరికేదీ పగటిపూటే. పరగడుపు పరీక్షకు ఒకసారి, తిని రెండు గంటలాగి ఇంకోసారి రక్తం ఇవ్వాలంటే ఆ రోజు కూలి పోయినట్టే. రిపోర్టుకు మరో రోజు. పరీక్ష ఉచితమే, ఆ రెండు రోజుల కూలి మాత్రం ఎవరూ ఇవ్వరు. రోడ్లు ఊడ్చే కార్మికులు తెల్లవారుజామున ఐదింటికే పనిలో ఉంటారు. "టిఫిన్‌కు ముందు" వేసుకోమన్న గోలీ వాళ్లకు ఏ టైమ్‌కో చీటీలో ఉండదు. గోలీ పొద్దున్నే వేసుకుని టిఫిన్ తొమ్మిదింటికి చేస్తే మధ్యలో కళ్లు తిరుగుతాయి. రెండుసార్లు అలా అయ్యాక ఎవరైనా చేసేది ఒకటే, గోలీ మానేస్తారు. చీటీలో దానికి పడే పేరు "మందులు సరిగా వాడటం లేదు".

మందుల తయారీలో హైదరాబాద్‌కు ఉన్న పేరు తెలిసిందే. డాక్టర్ రెడ్డీస్, అరబిందో, హెటిరో, దివీస్ అన్నీ ఇక్కడివే. ఎస్‌జీఎల్‌టీ2 గోలీల్లో డాపాగ్లిఫ్లోజిన్ పేటెంట్ మన దేశంలో 2020లో, ఎంపాగ్లిఫ్లోజిన్‌ది 2025 మార్చిలో తీరిపోయి ధరలు బాగా దిగాయి. అంటే ధర అనే అడ్డం కొంత తొలగింది. అమెరికాలో నల్లజాతి వారికి తక్కువగా రాస్తున్న గోలీ ఇక్కడ బస్తీ మనిషికి రాయగలిగే ధరకు వచ్చేసింది. రాస్తే ఏమవుతుంది? ఆ గోలీ పనిచేసేదే చక్కెరను మూత్రంలోకి తోసేయడం ద్వారా. మూత్రం ఎక్కువసార్లు వస్తుంది, జననాంగాల దగ్గర ఫంగస్ ఇన్ఫెక్షన్లు రావచ్చు, నీళ్లు బాగా తాగాలి. ఏసీ ఆఫీసులో కూర్చునే మనిషికి ఇది చిన్న అసౌకర్యం. మోండా మార్కెట్లో కూరగాయలు అమ్మే ఆవిడకు, పొద్దున్నుంచి నాలుగు ఇళ్లలో పని చేసే ఆవిడకు, ఆటోడ్రైవరుకు ఇది పెద్ద టెన్షన్. పని చేసే ఇంట్లో బాత్రూమ్ వాడనివ్వరు, రోడ్డు మీద ఉన్నది తాళం వేసి ఉంటుంది. నీళ్లు తాగడం మానేస్తారు. మే నెల ఎండలో ఆ గోలీ వేసుకుని నీళ్లు మానేస్తే ఒంట్లో నీరు పడిపోతుంది, మేలు చేయాల్సిన మందు కీడు చేస్తుంది. గోలీ రాసే ముందు డాక్టరు అడగాల్సింది ఒకే మాట: "పని చేసే చోట బాత్రూమ్ ఉందా?" ఏ వైద్య పుస్తకమూ దాన్ని షుగర్ పరీక్షల్లో చేర్చలేదు.

ఖరీదైన కొసన ఇంకో ప్రపంచం నడుస్తోంది. మౌంజారో అనే షుగర్ ఇంజెక్షన్ 2025 మార్చిలో వచ్చినప్పుడు చిన్న డోసు వయల్ ధర 3,500 రూపాయలు, అదీ వారానికి. చేతికి అంటించుకునే సెన్సర్ ఫోన్‌లో గీతలు గీస్తుంటే కొండాపూర్‌లో ఒకాయన రెండు ఇడ్లీలకు షుగర్ ఎంత పెరిగిందో వాట్సాప్ గ్రూపులో పెడుతుంటాడు. అందులో తప్పేమీ లేదు. నగరం అవతలి కొసన అదే జబ్బుకు ఇన్సులిన్ వయల్, సిరంజి.

ఆ సిరంజి దగ్గర కాస్త ఆగాలి. మన దగ్గర వయల్‌లో వచ్చే ఇన్సులిన్ ఎక్కువగా మిల్లీలీటరుకు 40 యూనిట్లది. దానికి ఎర్ర మూత ఉన్న 40 గీతల సిరంజి వాడాలి. పెన్నుల్లో వచ్చేది, కొన్ని ఖరీదైన వయళ్లు 100 యూనిట్లవి, దాని సిరంజికి నారింజ మూత. ఎర్ర మూతది దొరకలేదని మెడికల్ షాపువాడు నారింజ మూతది చేతిలో పెడితే, 20 గీత దాకా లాగినా లోపలికి వెళ్లేది 8 యూనిట్లే. షుగర్ దిగదు. డాక్టరు డోసు పెంచుతాడు. అటుది ఇటైతే ఇంకా ప్రమాదం: 100 యూనిట్ల మందును ఎర్ర మూత సిరంజిలో 20 గీత దాకా లాగితే 50 యూనిట్లు వెళ్లిపోతాయి, మనిషి స్పృహ తప్పుతాడు. సిరంజి డబ్బా మీద ఈ వివరమంతా ఇంగ్లీషులో, చీమ తలకాయంత అక్షరాల్లో ఉంటుంది. తెలుగో ఉర్దూనో మాత్రమే చదివే మనిషికి మిగిలే గుర్తు మూత రంగు ఒక్కటే, ఆ సంగతి విప్పి చెప్పే నర్సుకు వెనక వరుసలో నలభై మంది. ఫ్రిజ్ లేని రేకుల ఇంట్లో ఇన్సులిన్ ఎక్కడ పెట్టాలన్నది మరో ప్రశ్న. జవాబు చాలా పాతది. రెండు మట్టి కుండలు, మధ్యలో తడి ఇసుక, లోపలి కుండలో ప్లాస్టిక్ కవర్లో చుట్టిన వయల్. చలివేంద్రం కుండ పనిచేసే సూత్రమే. దీన్ని ఓపీలో చెప్పడానికి అర నిమిషం చాలు.

భాష, మతం కలిసే చోట ఇంకో రకం ఖాళీ కనిపిస్తుంది. రంజాన్ నెలలో పాతబస్తీ షుగర్ రోగుల్లో ఎక్కువమంది రోజా ఉంటారు, డాక్టరు వద్దన్నా ఉంటారు. "ఉండొద్దు" అని ఒక్క ముక్కలో తేల్చేస్తే రోగి తల ఊపి బయటికొచ్చి, ఉపవాసమూ ఉంటాడు, గోలీల టైమ్ తనే మార్చుకుంటాడు. దీనికి అంతర్జాతీయ డయాబెటిస్ సమాఖ్య వాళ్లు 2016లోనే మార్గదర్శకాలు రాశారు, 2021లో సవరించారు. రంజాన్‌కు ఆరు నుంచి ఎనిమిది వారాల ముందే పిలిచి ఎవరు ఉండొచ్చో, ఎవరు అస్సలు ఉండకూడదో తేల్చాలి. గ్లిమెపిరైడ్ లాంటి గోలీ పొద్దున వేసుకుని పగలంతా పస్తుంటే షుగర్ పడిపోతుంది కాబట్టి దాన్ని ఇఫ్తార్‌కు మార్చాలి. షుగర్ 70 కంటే దిగినా 300 దాటినా రోజా విడవాలి. వేలు గుచ్చి చూసుకుంటే రోజా పోతుందేమో అన్న భయం చాలామందిలో ఉంది, పోదని ఎక్కువమంది మతపెద్దలే చెబుతారు. ఇదంతా ఉర్దూలో, ఓపిగ్గా, రంజాన్‌కు రెండు నెలల ముందు మొదలయ్యే రజబ్ నెలలోనే చెప్పాల్సిన మాట. అయ్యప్ప మాల వేసుకున్నవాళ్ల విషయంలో ఇలాంటి కాగితమూ లేదు. 41 రోజులు మధ్యాహ్నం భిక్ష, రాత్రికి అల్పాహారం, తెల్లవారుజామున చన్నీళ్ల స్నానం, చెప్పులు లేని నడక. కాళ్లు మొద్దుబారిన షుగర్ రోగికి ఇందులో అన్నిటికంటే ప్రమాదం ఆఖరిది. మాల వేసుకుంటున్నారా అని ఓపీలో అడిగేవాళ్లు అరుదు.

కాలు పోయాక, కిడ్నీలు పోయాక మాత్రం ప్రభుత్వం గట్టిగా నిలబడుతుంది. 2007లో ఉమ్మడి రాష్ట్రంలో మొదలైన ఆరోగ్యశ్రీ పరిమితి 2023 డిసెంబరులో 10 లక్షలకు పెరిగింది. అందులో డయాలిసిస్ ఉంది, పెద్ద ఆపరేషన్లు ఉన్నాయి. ప్రైవేటు క్లినిక్‌లో నెలనెలా చూపించుకునే షుగర్ ఓపీ అందులో రాదు. బస్తీ దవాఖానా వేళలు కుదరని మనిషి సాయంత్రం గల్లీలోని క్లినిక్‌కు సొంత డబ్బుతో వెళ్తాడు, డబ్బు లేని నెల మానేస్తాడు, పదేళ్లకు కార్డు పట్టుకుని కార్పొరేట్ ఆసుపత్రిలో చేరతాడు. పథకం పెట్టినవాళ్ల ఉద్దేశం మంచిదే కావచ్చు. ఆసుపత్రి బిల్లు కంటికి కనిపిస్తుంది, రాకుండా ఆపిన డయాలిసిస్ ఎవరి లెక్కలోనూ పడదు.

కంటి విషయమూ అంతే. 2022లో వెలువడిన దేశవ్యాప్త అధ్యయనం ప్రకారం షుగర్ ఉన్న 40 ఏళ్లు పైబడ్డవాళ్లలో 12.5 శాతం మందికి రెటీనా దెబ్బతింది, 4 శాతం మందికి చూపు పోయే దశలో ఉంది. ఆ దశ వచ్చేదాకా రోగికి నొప్పీ ఉండదు, మసకా తెలియదు. చూపు బాగానే ఉందనుకున్న మనిషిని కంటి డాక్టరు దగ్గరికి పంపే బాధ్యత షుగర్ గోలీలు రాసే డాక్టరుదే.

ఇంతకంటే తేలిక పరీక్ష పాదాలది. పది గ్రాముల బరువుకు వంగే నైలాన్ పోగు ఒకటుంటుంది. రోగిని కళ్లు మూసుకోమని దాన్ని అరికాలి మీద నాలుగైదు చోట్ల ఆనించి, తెలిసిందా అని అడగాలి. రెండు నిమిషాలు పట్టదు. కానీ దానికి రోగి చెప్పులు విప్పాలి, డాక్టరు వంగాలి. ఓపీ రద్దీలో ఆ రెండూ జరగవు. స్పర్శ పోయిన కాళ్లకు మెత్తటి ఎంసీఆర్ రబ్బరు చెప్పులు వాడమంటారు. ఒకప్పుడు అవి కుష్టు రోగుల కోసం చేసినవి. పాత బస్తీల్లో, పల్లెల్లో ఆ నల్ల రబ్బరు అడుగూ పట్టీల తీరూ చూస్తే పెద్దవాళ్లు ఇప్పటికీ గుర్తుపడతారు. అందుకే నలుగురి ఇళ్లలో పని చేసుకునే ఆవిడ వాటిని మంచం కింద పెట్టి, పాత హవాయి చెప్పులతోనే బయల్దేరుతుంది. అదే రబ్బరు మీద మామూలు బాటా చెప్పుల్లా కనిపించే పట్టీలు కుట్టి ఇచ్చిన చోట్ల రోగులు పేచీ లేకుండా వేసుకుంటున్నారని పాదాల క్లినిక్‌లలో పనిచేసేవాళ్లు చెబుతారు.